టువటారా: ఒక జాతా, రెండు జాతులా? ఏ వర్గీకరణ మేలు?

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు మనవాళ్లు. చూపుకి దగ్గరగా ఉన్నవాటికి చుట్టరికం కలిపేయడం మనుషులకి పాత అలవాటు. 1842లో బ్రిటిష్ మ్యూజియంలో జాన్ ఎడ్వర్డ్ గ్రే చేసింది కూడా అదే. న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక జంతువు వీపు మీద ముళ్ల వరస, నాలుగు కాళ్లు, పొడవాటి తోక చూశాడు. తొండల కుటుంబంలో చేర్చేసి, హటేరియా పంక్టాటా అని పేరు పెట్టాడు. మన కంచె మీద తల ఊపుతూ కూర్చునే తొండది కూడా ఆ కుటుంబమే. తమాషా ఏంటంటే, అదే రకం జంతువు పుర్రెకి ఆయనే 1831లో స్ఫీనోడాన్ అని పేరు పెట్టి ఉన్నాడు. రెండూ ఒకటేనని ఆయనకి తట్టలేదు.

ఆ జంతువే టువటారా. మావోరీ భాషలో వీపు మీది ముళ్లని బట్టి వచ్చిన పేరు. బల్లులు, పాములు కలిసిన స్క్వమేటా క్రమంలో (క్రమం అంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద వర్గం) పదకొండు వేలకి పైగా జాతులుంటే, టువటారా ఉన్న రింకోసెఫాలియా క్రమంలో ఈరోజు బతికున్నది ఒక్కటే జాతి. లేదా రెండు. అసలు గొడవ ఆ 'లేదా' దగ్గరే ఉంది. అయితే అంతకంటే ముందు తేలిన తగాదాలు కొన్ని ఉన్నాయి. అవి తెలియకపోతే దీని సంగతి అర్థం కాదు.

బల్లా, వేరే క్రమమా?

ఇది ఎప్పుడో తేలిపోయింది. 1867లో అదే మ్యూజియంలో పనిచేసిన ఆల్బర్ట్ గుంథర్ టువటారాని కోసి చూశాడు. చెవి రంధ్రం బయటికి కనపడదు. బల్లుల్లో, పాముల్లో మగవాటికి జత జననాంగాలుంటే, దీనికి అసలు లేవు. పళ్లు దవడ ఎముకకే అతుక్కుని ఉంటాయి. పైదవడలో రెండు వరసలు, కింది దవడలో ఒక వరస. నోరు మూసినప్పుడు కింది వరస పై రెండు వరసల సందులో పడి, ముందుకి జరుగుతూ రంపంలా కోస్తుంది. కణత దగ్గర పుర్రెకి రెండు రంధ్రాలు, వాటి కింద పూర్తి ఎముక కమ్మీ. ఇన్ని తేడాలు చూశాక ఆయన దీనికి రింకోసెఫాలియా అని కొత్త క్రమమే కట్టాడు. పక్షి ముక్కులాంటి తల ఉన్నవి అని ఆ పేరుకి అర్థం.

టువటారా నెత్తి మీద మూడో కన్ను ఉంటుందని, అందుకే ఇది వేరని కొందరు చెబుతుంటారు. ఆ వాదన నిలవదు. చాలా రకాల బల్లుల్లో కూడా అది ఉంటుంది.

2020లో టువటారా జన్యుపటం మొత్తం చదివారు. సుమారు 500 కోట్ల అక్షరాలు, మనిషి జన్యుపటం కంటే పెద్దది. బల్లులు, పాముల వంశం నుంచి ఇది సుమారు 25 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయిందని అందులో తేలింది. అంటే తొండకి టువటారా కంటే నాగుపామే దగ్గరి చుట్టం. గ్రే పద్ధతికి, గుంథర్ పద్ధతికి మధ్య ఇక పోటీ లేదు.

పెద్ద పందిరా, చిన్న పందిరా?

గుంథర్ కట్టిన పందిరి కిందికి తర్వాత చాలామంది చుట్టాల్ని తోలారు. వాళ్లలో ముఖ్యమైనవి రింకోసార్లు. పంది సైజులో, పీపాలాంటి శరీరంతో, ముందు పక్షి ముక్కులా వంగిన మూతితో ఉండే ట్రయాసిక్ కాలపు (సుమారు 20–25 కోట్ల ఏళ్ల కిందటి) శాకాహారులు. బ్రిటిష్ శాస్త్రవేత్త హక్స్‌లీ 1859లో స్కాట్లండ్ శిలాజానికి హైపరోడపెడాన్ అని పేరు పెట్టాడు. టువటారాతో దాన్ని పోల్చి చూశాడు.

ఇక్కడే మన ఊళ్లు కథలోకి వస్తాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి దగ్గర ఎర్రమట్టి రాళ్లలో అదే రకం జంతువు ఎముకలు దొరికాయి. 1885లో లైడెక్కర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దానికి హైపరోడపెడాన్ హక్స్‌లీయి అని పేరు పెట్టాడు. అంటే దాదాపు వందేళ్ల పాటు, పుస్తకాల లెక్క ప్రకారం, తెలంగాణ నేలలో పడుకున్న ఆ జంతువు న్యూజిలాండ్ టువటారాకి తాత వరస.

1970లు, 80లలో ఆ చుట్టరికం తెగిపోయింది. రింకోసార్ల మూతి ముక్కు, వరసలు కట్టిన పళ్లు పైపై పోలికలే. చీలమండ ఎముకలు, వెన్నెముక చూస్తే అవి మొసళ్లు, పక్షులు వచ్చిన శాఖకి చెందినవి. నన్నడిగితే పెద్ద పందిరి పీకేయడమే మంచిదైంది. ఆహారం ఒకేలా కొరికే జంతువులకి నోళ్లు ఒకేలా తయారవుతాయి. దాన్నే వంశం అనుకుంటే లెక్క తప్పుతుంది.

మలేరి పోయినా తెలంగాణకి చుట్టరికం పూర్తిగా తెగలేదు. ఈసారిది నిజమైన రక్తసంబంధం. ప్రాణహిత–గోదావరి లోయలో కోట శిలలని జురాసిక్ కాలపు (ట్రయాసిక్ తర్వాతి కాలపు) పొరలున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఆ పొరల్లోదే. దాన్ని చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లని వాళ్లు తక్కువ. అవే పొరల్లోంచి మిల్లీమీటర్లలో కొలిచే చిన్న చిన్న దవడ ముక్కలు కూడా బయటపడ్డాయి. సుసాన్ ఇవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ కలిసి 2001లో వాటిని రెండు కొత్త ప్రజాతులుగా (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) వర్ణించారు: రెబ్బనాసారస్, గోదావరిసారస్. మొదటిది రెబ్బెన ఊరి పేరు, రెండోది ఏ నది పేరో చెప్పక్కర్లేదు. ఈ రెండూ అసలైన రింకోసెఫాలియాలే. అంత పెద్ద రింకోసార్ పరాయిదై, వేలి గోరంత దవడ సొంతదైంది!

ఇవన్నీ చూశాక 'బతికున్న శిలాజం' అనే మాట నాకు నచ్చదు. ఈ క్రమంలో జర్మనీ సముద్రాల్లో ఈదిన పాములాంటి ప్లూరోసారస్ ఉంది. పటగోనియాలో ఆకులు మేసిన ప్రయోస్ఫీనోడాన్ ఉంది. పెద్ద కుటుంబంలో ఒక్క కొమ్మ మిగిలితే, వంశమంతా ఆ ఒక్కరి పోలికే అనుకోవడం సరికాదు. కణత కింద ఆ పూర్తి ఎముక కమ్మీ కూడా పురాతన లక్షణమని మొదట అనుకున్నారు. తొలి రింకోసెఫాలియాల్లో అది పూర్తిగా లేదు. తర్వాత మళ్లీ ఏర్పడింది.

రింకోసెఫాలియానా, స్ఫీనోడోంటియానా?

పేరు తగాదా చిన్నది. రింకోసార్లని ఈ క్రమంలోంచి తీసేశాక కొందరికి పాత పేరు మీద అనుమానం కలిగింది. విల్లిస్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1925లో పెట్టిన స్ఫీనోడోంటియా వాడదామన్నారు. చీలలాంటి పళ్లవి అని అర్థం, నిజానికి అది టువటారాకి బాగా అతుకుతుంది కూడా. కానీ వేల్స్‌లో దొరికిన జెఫైరోసారస్ ఉంది. దాని పళ్లు దవడ అంచుకి కాక లోపలి వైపుకి అతుక్కుంటాయి, మామూలు బల్లి పళ్లలాగా. అది ఈ వంశానిదే, కానీ మిగతావాటి కంటే ముందే విడిపోయింది. అందుకే క్రమం మొత్తానికి రింకోసెఫాలియా, జెఫైరోసారస్‌ని పక్కన పెట్టాక మిగిలిన గుంపుకి స్ఫీనోడోంటియా అనేవాళ్ల పద్ధతి నాకు సౌకర్యంగా ఉంటుంది. రెండు పేర్లకీ పని దొరుకుతుంది.

ఇక అసలు పేచీ

న్యూజిలాండ్ రెండు పెద్ద దీవుల మధ్య ఉన్న కుక్ జలసంధిలో నార్త్ బ్రదర్ అని ఒక చిన్న దీవి ఉంది. విస్తీర్ణం నాలుగు హెక్టార్లు, అంటే మన లెక్కలో పదెకరాలు. దాని మీదొక దీపస్తంభం, కొన్ని వందల టువటారాలు. 1877లో న్యూజిలాండ్ ప్రకృతి శాస్త్రవేత్త వాల్టర్ బుల్లర్ వీటిని వేరే జాతి అన్నాడు. స్ఫీనోడాన్ గుంథరి అని, గుంథర్ గౌరవార్థం పేరు పెట్టాడు. తర్వాత ఆ పేరుని చాలామంది పట్టించుకోలేదు.

1990లో డోహర్టీ బృందం నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాసి అందరినీ కదిపింది. దీవి దీవి తిరిగి రక్తం తీసి ప్రొటీన్లు పోల్చి చూస్తే, నార్త్ బ్రదర్ జంతువులు మిగతా అన్నిటికంటే వేరుగా కనిపించాయి. 1895 నుంచీ చట్టం టువటారాలని కాపాడుతూనే ఉంది. కానీ అన్నీ ఒకటే అనుకున్నందువల్ల, ఏ దీవిలో గుంపు మాయమైనా 'ఇంకో దీవిలో ఉన్నాయిలే' అన్న ధీమా వచ్చేసిందని వాళ్ల ఆరోపణ. ఆ మాటలో నిజం ఉంది. గుంథరి మళ్లీ జాతి అయింది, డబ్బూ శ్రద్ధా వచ్చాయి. 1995లో టిటి దీవికి, 1998లో వెల్లింగ్టన్ రేవులోని మటియు దీవికి నార్త్ బ్రదర్ వంశాన్ని తరలించారు. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టకూడదు కదా, అందులోనూ గుడ్డు పొదగడానికే ఏడాది పైగా పట్టే జంతువు విషయంలో.

2010లో హే బృందం డీఎన్‌ఏని ఇంకా లోతుగా చూసింది. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రకారం నార్త్ బ్రదర్ జంతువులు అదే జలసంధిలోని స్టీఫెన్స్ దీవి జంతువులకి చాలా దగ్గర. అసలు పెద్ద తేడా ఉత్తరాది దీవులకీ, కుక్ జలసంధి దీవులకీ మధ్య ఉంది. మరి ప్రొటీన్లలో అంత తేడా ఎందుకు? పదెకరాల దీవిలో కొద్దిమందే మిగిలి, వాళ్లలో వాళ్లే తరతరాలుగా సంబంధాలు కలుపుకుంటే కొన్ని జన్యు రకాలు రాలిపోతాయి, కొన్ని అందరిలోకీ పాకిపోతాయి. కొత్త జాతి పుట్టకుండానే, ఒకే ఊరివాళ్లందరికీ ఒకే ముక్కు వచ్చినట్టు. 2020 జన్యుపటం బృందం కూడా ఒకే జాతి వైపే మొగ్గింది. నార్త్ బ్రదర్ గుంపు ప్రత్యేకమైనదేనని, జాగ్రత్తగా కాపాడాలని కూడా అంది.

రెండు జాతుల పద్ధతికి ఒక లాభం ఉంది. అధికారులకి, జనానికి 'వేరే జాతి' అంటే వెంటనే అర్థమవుతుంది, ఫైలు కదులుతుంది. దాని నష్టం కూడా అక్కడే ఉంది. వేరే జాతి అనుకుంటే నార్త్ బ్రదర్ గుంపులోకి స్టీఫెన్స్ దీవి రక్తం కలపడం తప్పవుతుంది. ఆ గుంపుకి కావాల్సింది బహుశా అదే. అక్కడ మగవి ఎక్కువయ్యాయి. గుడ్లున్న మట్టి వేడెక్కితే మగపిల్లలే పుడతాయి కాబట్టి, వాతావరణం మారేకొద్దీ ఆ వంకర ఇంకా పెరగొచ్చు. పేరు కాపాడదామని పోతే, పేరున్నవే అయిపోయే ప్రమాదం.

అందుకే నా ఓటు ఒకే జాతికి: గ్రే పెట్టిన రెండు పేర్లూ కలిసిన స్ఫీనోడాన్ పంక్టాటస్. వర్గీకరణ చుట్టరికం రాసే ఖాతా, గ్రాంట్లు తెచ్చే అర్జీ కాదు. నార్త్ బ్రదర్‌కి విడి లెక్క, విడి కాపలా ఉండాలంటే దాన్ని ఆ దీవి గుంపు పేరుతోనే రాసుకోవచ్చు. స్టీఫెన్స్ దీవిలో వేల సంఖ్యలో ఉన్నవాటితో కలిపి ఒక్క అంకెగా చెప్పకపోతే చాలు.

ఎప్పటికైనా మళ్లీ రెండు జాతులని ఎవరైనా తేల్చితే, గీత పడేది నార్త్ బ్రదర్ చుట్టూ కాదని నా అనుమానం. ఉత్తరాది దీవులకీ, కుక్ జలసంధికీ మధ్య పడుతుంది. అప్పుడు బుల్లర్ పెట్టిన గుంథరి పేరు బతికొస్తుంది, కానీ స్టీఫెన్స్ దీవి జంతువుల్ని కూడా కలుపుకుని.