ఊళ్ళో పిన్ని ఉండగా హోటల్లో దిగాం

"ఏట్రా, ఊళ్ళో మేవుండగా హోటల్లో దిగుతారా? నలుగురూ ఏటనుకుంటారు?"

విజయనగరంలో హోటల్ గది తీసుకుంటే అన్నిటికన్నా ఎక్కువ పడే ఖర్చు ఈ మాట. అద్దె దీని తర్వాతే. మా పిన్ని ఇల్లు పెద్దచెరువుకి ఇవతల, రెండు గదుల పెంకుటిల్లు. మేం నలుగురం. అమ్మకి మోకాళ్ళు వంగవు. పిన్ని వాళ్ళ మరుగుదొడ్డి పెరటి చివర, అదీ కింద కూర్చునే రకం. ఈ సంగతి పిన్నితో ఎలా అనడం? "ఆఫీసు పని కూడా ఉంది పిన్నీ, గదులు వాళ్ళే ఇస్తున్నారు" అని ఫోన్లో ఒక అబద్ధం ఆడేశాను. ఆ అబద్ధం గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఊళ్ళో పెద్దదని అందరూ చెప్పిన హోటల్లో రెండు గదులు, రెండు రాత్రులకి తీసుకున్నాం. ఒక్కో గది రోజుకి 4,200, టిఫిన్‌తో కలిపి. రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి ఇప్పుడు జీఎస్టీ 5 శాతమే కాబట్టి గదికి 210 పడింది. హైదరాబాదులో ఈ డబ్బుకి వచ్చే గది ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఆశలు కాస్త ఎక్కువే పెట్టుకుని బయల్దేరాం.

విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. విశాఖ స్టేషన్లో ఇంజను ఈ చివర నుంచి ఆ చివరకి మారాక, అంతసేపూ ముందుకెళ్తున్న మనం వెనక్కి వెళ్తున్నట్టుంటుంది. చిన్నప్పుడు అక్కడే నాకు నిద్ర తెలివొచ్చేది, ఇంకో గంట అని లెక్క పెట్టుకునేవాణ్ణి. విజయనగరంలో దిగి ఆటో ఎక్కగానే, స్టేషన్ దగ్గరున్న పైడితల్లమ్మ వనంగుడి వైపు తిరిగి అమ్మ దణ్ణం పెట్టుకుంది. ఊళ్ళోకొచ్చిన సంగతి ముందు అమ్మవారికి చెప్పాలట.

హోటలుకి చేరేసరికి తొమ్మిది దాటింది. మన ఊళ్ళ లాడ్జీల్లో చాలా చోట్ల ఎప్పుడు దిగితే అప్పట్నుంచి 24 గంటలు లెక్క. పెద్ద హోటలు కాబట్టి ఇక్కడ మధ్యాహ్నం 12 దగ్గర గీత గీశారు. రైళ్ళన్నీ పొద్దున్నే దించే ఊళ్ళో ఈ పద్ధతి ఎవరికి పనికొస్తుందో నాకర్థం కాలేదు. నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి అడిగితే "చూద్దాం సార్" అన్నారు. వచ్చాక "పావుగంట సార్" అన్నారు. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ కౌంటర్లో అమ్మాయి మాత్రం అమ్మని చూసి, అడక్కుండానే కుర్చీ లాగి, మంచినీళ్ళు తెప్పించింది. కోపం సగం అక్కడే పోయింది.

మిగతా సగం పోకుండా చేసింది లాబీ. గోడ మీద ఎక్కడిదో మంచుకొండ, దాని కింద నీలం సరస్సు ఉన్న నిలువెత్తు ఫొటో. కౌంటర్ పక్కన అద్దాల పెట్టెలో బొబ్బిలి వీణ ఒకటి, షోకేసులో పెట్టుకునే చిన్నది కాదు, నిజంగా వాయించే సైజుది. అమ్మ పెళ్ళికి ముందు రెండేళ్ళు వీణ నేర్చుకుంది. కర్ర ఊతంతో లేచి అక్కడికి వెళ్ళి నిలబడింది. నేనూ వెళ్ళాను. ఒకే పనస దుంగని తొలిచి చేసిన కుండ, మైనం మీద కూర్చోబెట్టిన మెట్లు, చివర యాళి తల, పనితనం చక్కగా ఉంది. కానీ ఏడు తీగల్లో రెండు లేవు. మూడోది బిరడా దగ్గర వదులై వంకర్లు తిరిగి మెట్ల మీద పడుంది. బిరడాకి ఎవరిదో ఫోన్ ఛార్జర్ తీగ చుట్టి వేలాడుతోంది. పెట్టె వెనక తలుపు తీసే ఉంది మరి.

"ఏమ్మా, ఇది ఎవరూ వాయించరా?" అని కౌంటర్ అమ్మాయిని అడిగింది అమ్మ.

"అది డెకరేషన్ అండీ" అందా అమ్మాయి, ఏ మాత్రం తడుముకోకుండా.

ఈ ఊళ్ళోనే 1919లో సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. ఆ కాలేజీకి ఆటో దూరంలో ఉన్న హోటల్లో వీణకి తీగలు వేయించడానికి మనిషి దొరకలేదా! అమ్మ ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళేదాకా మాట్లాడలేదు, అంతే.

గదుల సంగతి. మంచం బాగుంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, ఏసీ చప్పుడు లేదు. తలగడలు మాత్రం ఒక్కోటి బియ్యం బస్తాలా ఉంది. స్నానాల గదికి, మంచానికి మధ్య గోడ బదులు అద్దం పెట్టారు. దాని తెర పడగ్గది వైపు నుంచి లాగాలి. ఈ అద్దం గోడ ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, నాయనమ్మా మనవరాలూ ఒక గదిలో ఉన్నప్పుడు ఎంత ఇబ్బందో వాడికి తెలీదు. మా అమ్మాయి మొదటి రోజంతా నాయనమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా కారిడార్లో నిలబడింది. నున్నటి పాలరాయి నేల మీద పట్టుకోవడానికి ఊచ ఒక్కటీ లేదు. అడిగితే ప్లాస్టిక్ కుర్చీ, కాలికింద వేసుకునే రబ్బరు పట్టా తెచ్చిచ్చారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది ముందే అడగండి. వేణ్ణీళ్ళు మాత్రం తిప్పిన క్షణంలో వచ్చాయి, రెండు రోజులూ ఎప్పుడు తిప్పినా వచ్చాయి. ఆ ఒక్క విషయంలో హైదరాబాదు హోటళ్ళు ఈ ఊరికొచ్చి నేర్చుకోవాలి.

సాయంత్రం కోటకి వెళ్ళాం. 1713లో పునాది వేసిన కోట. నగారాఖానా గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాం. టిక్కెట్ల కౌంటరూ, పెద్ద బోర్డులూ ఏమీ కనిపించలేదు. కనిపించినవాళ్ళు కాలేజీ పిల్లలు. ఈ ఊరి రాజులు పూసపాటి వారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకి ఇచ్చేశారు కదా. నలుగురు అమ్మాయిలు మెట్ల మీద కూర్చుని, ఒకే నోట్సు నలుగురూ ఫొటోలు తీసుకుంటున్నారు.

పోయినేడు ఆఫీసు అతిథులతో హైదరాబాదు ఫలక్‌నుమాకి టీకి వెళ్ళాను. 1884లో పునాదిరాయి వేసిన ఆ ప్యాలెస్ 2010 నుంచి తాజ్ వారి హోటలు. గేటు దగ్గర గుర్రబ్బండి ఎక్కించుకుని పైకి తీసుకెళ్తారు, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల చూపిస్తారు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు. టీ కప్పు పట్టుకున్నంతసేపూ మాత్రం ఎవరిదో పెళ్ళిచొక్కా అరువు తెచ్చుకుని వేసుకున్నట్టుంది నాకు. అక్కడ రాజభవనం హోటలైంది, ఇక్కడ రాజభవనం కాలేజీ అయింది, అందుకే మనం వెళ్ళి అద్దాల పెట్టెలాంటి కొత్త బిల్డింగులో పడుకోవాల్సొస్తోంది. రెండూ చూశాక చెప్తున్నా, నాకు ఇక్కడి ఏర్పాటే నచ్చింది. పడుకోవడానికి పెట్టె అయినా చాలు.

పడుకోనిస్తే! ఆ రాత్రి హోటలు కింద హాల్లో పెళ్ళి. లగ్గం తెల్లవారుజామున రెండూ నలభైకి. పదకొండుకి డీజే ఆగింది, హమ్మయ్య అనుకున్నాం. ఒంటిగంటకి సన్నాయి మేళం అందుకుంది. లిఫ్టు నిండా పెళ్ళివారు, కారిడార్లో పిల్లల పరుగులు, ఎదురుగదిలో "పట్టుపంచె ఎక్కడే" అని కేకలు. కిందికి ఫోన్ చేస్తే "లగ్గం కద్సార్" అన్నారు. నిజమే, లగ్గాన్ని ఎవరాపుతారు? అప్పుడర్థమైంది నాకు, ఇది గదులున్న హోటలు కాదు, గదులున్న కల్యాణమండపం. ఇలాంటి ఊళ్ళలో పెద్ద హోటళ్ళకి డబ్బులొచ్చేది పెళ్ళిళ్ళ మీద, మనలాంటివాళ్ళు మధ్యలో వచ్చే చిల్లర. బుక్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న "ఏసీ ఉందా, వైఫై ఉందా" కాదు, "ఆ రోజు హాల్లో పెళ్ళుందా, ముహూర్తం ఎన్నింటికి?" మాఘమాసంలో అయితే మరీ. అలాగే దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ నాడూ, ముందురోజు తొలేళ్ళకీ ఊళ్ళోకి జనం పోటెత్తుతారు కాబట్టి గది కావాలంటే చాలా ముందే చూసుకోవాలి.

రెండింటికి అమ్మ గదికి ఒక కుర్రాడొచ్చాడు, పాతికేళ్ళుండవు. "పై అంతస్తులో ఎనకవైపు గది ఖాళీగుందమ్మా, బేగి మార్చేస్తాను" అని సామాను వాడే మోశాడు. అమ్మకి పల్చటి తలగడ కావాలంటే ఎక్కడా దొరక్క, రెండు దుప్పట్లు మడతపెట్టి గలేబులో దూర్చి తెచ్చాడు. వందనోటు ఇస్తే తీసుకోలేదు, "పొద్దున్నియ్యండి" అన్నాడు. పొద్దున్న చూస్తే వాడి డ్యూటీ అయిపోయింది. ఆ వంద ఇంకా నా దగ్గరే ఉంది.

తిండి గురించి తొందరగా చెప్పేస్తాను. రాత్రి మెనూ మూడు పేజీలు, పనీర్ పదహారు రకాలు. మనవైపు వంటలు ఏమన్నా ఉన్నాయా, ఆవపెట్టిన కూరో, ఉలవచారో అనడిగితే "మనయి ఇంట్లో తింటారు కద్సార్, ఇక్కడికొచ్చి ఎవులడుగుతారు?" అన్నాడు వడ్డించే ఆయన. జవాబు లేదు నా దగ్గర.

రెండోరోజు రామతీర్థం. హోటల్ కారు సగం రోజుకి 2,800 చెప్పారు. బయట మాట్లాడుకున్న ఆటో, ఉండి తీసుకొచ్చేలా, 900. దూరం 12 కిలోమీటర్ల పైచిలుకు, దారి బాగుంది, ఆటోయే చాలు. అమ్మ, పిన్ని కింద రాములవారి గుళ్ళో ఉంటే మేం ముగ్గురం గురుభక్తుల కొండ ఎక్కి బౌద్ధుల ఇటుక గోడలు చూసొచ్చాం. ఎండెక్కకముందే వెళ్ళండి, నీళ్ళు పట్టుకెళ్ళండి.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ పిన్నిని వదల్లేదు, రాత్రికి తనతోనే ఉండమంది. బాబాయికి ఫోన్ చేస్తే "నా మంచం నాకు చాలు, మీరు కానీండి" అన్నాడు. అదనపు మంచానికి 800 కట్టి మా అమ్మాయిని మా గదిలోకి తెచ్చుకున్నాం. ఆ రాత్రి పెళ్ళి లేదు. అక్కాచెల్లెళ్ళ మాటలు మాత్రం ఒంటిగంట దాకా గోడ ఇవతలికి వినిపించాయి.

పొద్దున్న టిఫిన్ హాల్లో ఇడ్లీని వేలితో నొక్కి చూసి "నిన్నటి పిండి" అని తేల్చింది పిన్ని. చట్నీ నాలిక్కి రాసుకుని "కొబ్బరి లేదు, అన్నీ పుట్నాలే" అంది. ఉప్మాకి మాత్రం మార్కులేసింది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, రొట్టెలు కాల్చే మిషను చూసుకుంటూ చివరిదాకా నడిచి, చోడి అంబలి, అదే రాగి అంబలి, ఎక్కడని అడిగింది. లేదన్నారు. అప్పుడు సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. దిబ్బరొట్టి, పక్కన బెల్లం పాకం. పొద్దున్నే బాబాయి చేత కిందికి తెప్పించుకుందట. రొట్టి కాల్చింది కూడా బాబాయే.

సూపర్‌వైజర్ వచ్చాడు. "బయట ఫుడ్ ఎలౌడ్ కాదమ్మా."

"బయటదేటి బాబూ, మా ఇంటిది" అంది పిన్ని, ఓ ముక్క తుంపి ప్లేటులో పెట్టి అతని వైపు జరుపుతూ. అతను ఎటు చూడాలో తెలీక, నవ్వాపుకుంటూ కాఫీ యంత్రం వైపు వెళ్ళిపోయాడు. ముక్క తినలేదు గానీ మళ్ళీ మా బల్ల దగ్గరికి రాలేదు.

గదులు ఖాళీ చేసేటప్పుడు బిల్లు చూసుకోండి. రాత్రి భోజనాల బిల్లులో సర్వీస్ ఛార్జి అని 5 శాతం వేశారు. అది తప్పనిసరి కాదని, అడక్కుండా కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. ఆ మాటే నెమ్మదిగా అంటే మారు మాట్లాడకుండా తీసేశారు. మారు మాట్లాడలేదంటే రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారన్నమాట. వీణ పెట్టె తలుపు ఇంకా తీసే ఉంది, ఛార్జర్ మాత్రం మారింది, నల్లదాని బదులు తెల్లది.

నేను కార్డు గీకుతుంటే పిన్ని పక్కకొచ్చి నిలబడింది. కాగితం మీద నా పేరు, కింద పద్దెనిమిది వేల పైచిలుకు అంకె.

"ఆపీసోళ్ళ గదులకి డబ్బులు నీసేత కట్టిస్తన్నారేట్రా?"

నోట మాట రాలేదు. అమ్మ మంచుకొండ ఫొటో వైపు చూస్తూ నిలబడింది. పిన్ని నా వైపు కాసేపు చూసి, డబ్బా సంచిలో సర్దుకుంది.

"సర్లే. మళ్ళీ వచ్చినప్పుడు కూడా ఇక్కడే దిగండి. ముందు నాకు ఫోన్ చెయ్యి, వస్తాను. ఆ వేణ్ణీళ్ళు బాగున్నాయి."