పెర్డీడో స్ట్రీట్ స్టేషన్: కథ కోసం చదవాలా, ఊరి కోసమా?

చైనా మియేవిల్ అనే బ్రిటిష్ రచయిత నవల ఇది, 2000లో వచ్చింది, 2001లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు కూడా కొట్టింది. మా బావా నేనూ ఒకేసారి మొదలెట్టాం, తను గుంటూరులో నేను విజయవాడలో.

బావ కథ కోసం చదివాడు. ఐజాక్ అనే సైంటిస్టు దగ్గరికి రెక్కలు కోసేసిన గరుడ జాతివాడు ఒకడొచ్చి నన్ను మళ్ళీ ఎగిరేలా చెయ్యమంటాడు, ఆ ముక్క చదవగానే ఫోన్ చేసి "మన గరుత్మంతుడు ఇక్కడెలా తేలాడే" అని ఒకటే సంబరం. తర్వాతేమో వీధులు, మురికి, రైలు పట్టాలు, మళ్ళీ వీధులు... 150 పేజీల దగ్గర పక్కన పడేశాడు. తన మాటలోనూ న్యాయముంది, మనుషుల మనసుల్ని పీల్చేసే ఆ చిమ్మెటలు బయటపడేదాకా కథ నెమ్మదే.

నేను ఊరి కోసం చదివా, రోజుకి పది పేజీలు, అంతే. కథ జరిగే న్యూ క్రోబుజోన్ అనే ఊరు రెండు నదులు కలిసే చోట ఉంటుంది, ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కృష్ణనీ ఊళ్ళోంచి పోయే కాలవల్నీ చూస్తూ పెరిగినందుకేమో ఆ తడి, ఆ మసి, ఆ వాసన నాకు వెంటనే ఎక్కేశాయి. పురుగు తల ఉన్న లిన్ అనే పాత్ర తన ఉమ్మితో శిల్పం చేసే చోటైతే రెండుసార్లు చదివా, అంత బాగుంది!

వర్ణనలు దాటేసి చదివితే మాత్రం తర్వాత ఎవరు ఏ పేటవాళ్ళో అర్థం కాక చిరాకొస్తుంది. అందుకే నా ఓటు కథకి కాదు, ఆ ఊరికే. సంక్రాంతికి బావ వస్తే మొదటి 50 పేజీలు నేనే చదివి వినిపిస్తా.