స్టూ కిట్‌లో వచ్చే రాజ్మాను కార్డుపై చెప్పినట్లు వండకండి

రాజ్మా, పచ్చిమిర్చి, పొగబెట్టిన పంది మాంసం కలిపి చిక్కగా ఉడికించే స్టూకు కావలసినవన్నీ ఒకే పెట్టెలో వస్తాయంటే, విడివిడిగా వెదికి తెచ్చుకునే శ్రమ తప్పుతుందని ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. దానిని వండుకు తిని ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డాం. ఇటువంటి కిట్ కొన్నవారు, కొనబోతున్నవారు వండే ముందు ఇది చదవాలని కోరుతున్నాను.

గింజలను నానబెట్టనవసరం లేదని, అన్నిటినీ స్లో కుక్కర్‌లో వేసి తక్కువ వేడి మీద 8 గంటలు ఉంచితే చాలని పెట్టెలోని కార్డుపై ముద్రించి ఉంది. నేను అక్షరాలా అలాగే చేశాను. సాయంత్రం మూత తీసేసరికి మాంసం పీచులు పీచులుగా విడిపోయి వాసన కమ్మగా ఉంది గాని, ఒక గింజను తీసి వేళ్ల మధ్య నొక్కి చూస్తే పైతొక్క ఊడివచ్చింది, లోపలి పప్పు మాత్రం నడుమ తెల్లగా సుద్దముక్కలా గట్టిగా ఉంది. అక్కడే ఆగవలసింది. ఆగలేదు, వడ్డించాను. రెండు గంటలు తిరగకముందే ముందు మా అబ్బాయికి, తర్వాత మా ఇద్దరికీ కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లవారేసరికి అందరం తేరుకున్నాం గాని, గుక్కెడు నీళ్లు కూడా ఇమడక వాడు నా ఒళ్లో వాలిపోయిన ఆ గంట తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మాంసం చెడిపోయి ఉంటుందని మొదట అనుకున్నాను. అసలు కారణం గింజల్లోనే ఉంది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఎర్ర రాజ్మాలో ఇది మరీ ఎక్కువ. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు పట్టుకోవచ్చు. స్లో కుక్కర్‌లో వండిన వంటకాల లోపలి వేడి చాలాసార్లు 75 డిగ్రీల సెల్సియస్ కూడా దాటదు. ఆ వేడికి ఈ విషం విరగదు సరికదా, 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన గింజలు పచ్చివాటికంటే కొన్ని రెట్లు ఎక్కువ హాని చేయగలవు. ఎన్ని గంటలు ఉంచామన్నది కాదు, నీళ్లు తెర్లుతున్నాయా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

కిట్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే గింజలను కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, పొయ్యి మీద 30 నిమిషాలు తెర్లకాగించిన తర్వాతే మాంసం, మిర్చితో కలపండి. డబ్బాలో ఉడికించి వచ్చే రాజ్మాకు ఈ బాధ లేదు.

మాంసం విషయంలోనూ మోసపోయాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పొగబెట్టినదని రాసి, లోపలి ప్యాకెట్ వెనుక మాత్రం పొగ రుచి కలిపినదని, పచ్చి మాంసమని చిన్న అక్షరాలతో వేశారు.

అమ్మినవారికి ఇదంతా వివరంగా రాస్తే, లోపం మా కుక్కర్‌లో ఉండవచ్చని జవాబిచ్చి డబ్బు వాపసు చేశారు. నాకు కావలసింది డబ్బు కాదు, ఆ కార్డు మార్చడం. నిన్న చూసినప్పటికి వారి పేజీలో అదే పద్ధతి ఉంది. ఇప్పటికే ఎవరైనా తిని వాంతులు ఆగకపోతే, ముఖ్యంగా పిల్లలైతే, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, సరిగా ఉడకని రాజ్మా తిన్నారని ముందుగానే చెప్పండి.