పద్నాలుగు మంది ఊరికి ఒక టౌన్‌షిప్ హాలు

"టౌన్‌షిప్ చూసొద్దాం నాన్నా" అంటే మా నాన్న అడిగిన మొదటి మాట, "గజం ఎంతంటమ్మా?" ఆయన తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో టౌన్‌షిప్ అంటే గేటు, క్లబ్‌హౌస్, పేపర్లో ఫుల్‌పేజీ యాడ్. ఇక్కడ కాన్సాస్‌లో అది మన పంచాయతీ లాంటిదని చెప్పాక ఆయన ముఖం మారింది. ముప్పై ఏళ్ళు సూర్యాపేట చుట్టుపక్కల పంచాయతీ కార్యదర్శిగా చేసిన మనిషి. ఆర్నెల్ల కోసం మా దగ్గరికి వచ్చి, మా ఊరు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో గడ్డి కోసే మిషన్ చప్పుడు వింటూ విసిగిపోయి ఉన్నారు. అలా మే చివర మెమోరియల్ డే సెలవుల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు కట్టుకున్న నికోడెమస్ అనే చిన్న ఊరికి బయల్దేరాం. మా ఆయన, ఇద్దరు పిల్లలు, నాన్న, నేను, ఒక పెద్ద డబ్బా పెరుగన్నం.

దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఐ-70 హైవే మీద పడమరకి తిన్నగా నాలుగు గంటల పైన నడిపితే హేస్ వస్తుంది. అక్కణ్ణుంచి ఉత్తరంగా స్టాక్టన్, స్టాక్టన్ నుంచి యూఎస్ 24 మీద మళ్ళీ పడమరకి. హేస్ నుంచి మొత్తం గంట. స్టాక్టన్‌లోనే పెట్రోల్ కొట్టించుకోండి. నికోడెమస్‌లో బంకు లేదు, కొట్టు లేదు, టీ నీళ్ళు దొరికే చోటు కూడా లేదు. మాకు ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మ్యాపు ముందే దించుకున్నాం కాబట్టి బతికిపోయాం.

బస విషయంలో తప్పు చేశాం, మీరు చేయకండి. దగ్గరవుతుంది, చవకవుతుంది అని దారిలో ఒక చిన్న ఊళ్ళో మోటెల్ బుక్ చేశాను. రాత్రి తొమ్మిదికి చేరితే కౌంటర్లో మనిషి లేడు. తలుపుకి టేపుతో అంటించిన కవర్లో తాళంచెవి, దాని మీద మా ఇంటిపేరు ఎలా రాశారో చెప్తే మా మామగారు బాధపడతారు. అంతవరకు ఫర్వాలేదు గానీ వేడినీళ్ళు రాలేదు, ఏసీ రాత్రంతా బోరు మోటరులా మోగింది. రెండో రాత్రి హేస్‌లో దిగాం. అక్కడ ఐ-70 పక్కన హోటళ్ళు వరసగా ఉన్నాయి. నలభై డాలర్లు ఎక్కువైనా పిల్లలు పడుకున్నారు, పొద్దున వాఫుల్స్ తిన్నారు. హేస్‌లోనే ఉండండి.

స్టాక్టన్ దాటాక నాన్న కిటికీ పక్కన కూర్చుని అడ్డరోడ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మైలుకొకటి, గీత గీసినట్టు. 1785 ల్యాండ్ ఆర్డినెన్స్‌తో మొదలైన కొలత ఇది. ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళు ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. బడి ఖర్చులకని ఒక సెక్షన్ విడిగా పెట్టేవాళ్ళు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబానికి ఇచ్చే 160 ఎకరాలంటే సెక్షన్‌లో పావు. "అంటే సర్వే నంబరు చూసి కళ్ళు మూసుకుని పొలం దగ్గరికి పోవచ్చు" అన్నారు నాన్న. మన ఊళ్ళో గట్ల తగాదాలన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. అయితే ఇది కొలతల టౌన్‌షిప్. పాలన టౌన్‌షిప్ వేరు. ట్రస్టీ, క్లర్కు, ట్రెజరర్ అని ముగ్గురిని జనం ఎన్నుకుంటారు. పశ్చిమ కాన్సాస్‌లో మనుషులు పల్చన కాబట్టి చాలాచోట్ల ఈ పాలన హద్దులు ఆ 36 సెక్షన్లు దాటి పోతాయి. నికోడెమస్ ఊరికి విడిగా మున్సిపాలిటీ లేదు. టౌన్‌షిప్, దాని పైన గ్రాహమ్ కౌంటీ, అంతే.

ఊరు వచ్చేసింది, మాకు తెలియలేదు. మా ఆయన దాటేసి పోయి, వెనక్కి తిప్పారు.

ఇలా మోసపోయినవాళ్ళలో మేం మొదటివాళ్ళం కాదు. 1877 ఏప్రిల్‌లో డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్ల రియల్ ఎస్టేట్ ఆసామి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్ల పాస్టరు, మరికొందరు కలిసి నికోడెమస్ టౌన్ కంపెనీ పెట్టారు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి పన్నెండేళ్ళే అయింది. బానిసత్వం నుంచి బయటపడ్డ కెంటకీ కుటుంబాలకి సొంత భూమి, సొంత ఊరు అని కరపత్రాలు పంచారు. ఆ సెప్టెంబరులో మూడొందల మందికి పైగా ఎల్లిస్ దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి నడిచారు. వచ్చి చూస్తే చెట్టు లేదు, ఇల్లు లేదు. పదుల కుటుంబాలు అట్నుంచటే వెనక్కి తిరిగాయి. మరుసటి ఏడు వచ్చిన విలియానా హిక్‌మన్ ఊరెక్కడ అని అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగ చూపించారట. జనం గుంతలు తవ్వుకుని, పైన కప్పేసుకుని ఉంటున్నారు. తనకి ఏడుపొచ్చేసిందని ఆవిడే రాసుకుంది. మొదటి చలికాలం వేటనుంచి తిరిగిపోతున్న ఓసేజ్ ఆదివాసులు పెట్టిన మాంసంతో గట్టెక్కామని ఆ ఊరి కుటుంబాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి.

చూడాల్సినవి ఐదు కట్టడాలు. ఐదూ కలిపి 1996లో నేషనల్ హిస్టారిక్ సైట్ చేశారు, ప్రవేశం ఉచితం. 1881 నాటి సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, రెండు చర్చిలు, 1918లో కట్టిన బడి, టౌన్‌షిప్ హాలు. చాలావరకు బయటినుంచి చూసి కదలాల్సిందే, దానికి సిద్ధపడి వెళ్ళండి. "బోర్డు చదవడానికి ఐదు గంటలు తీసుకొచ్చావా" అని మా పెద్దాడు నిలదీశాడు. వాడి వైపు నుంచి చూస్తే న్యాయమే. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే హేస్‌లో స్టెర్న్‌బర్గ్ మ్యూజియం ముందు చూపించి, మంచి చేసుకుని తీసుకురండి. అక్కడ 14 అడుగుల చేప శిలాజం, దాని పొట్టలో అది మింగిన 6 అడుగుల చేప ఉన్నాయి. మావాళ్ళు ట్రిప్పు మొత్తంలో ఆ ఒక్కదాని గురించే మాట్లాడుతున్నారు.

నాన్న మాత్రం టౌన్‌షిప్ హాలు వదల్లేదు. 1930ల కరువు రోజుల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పనిలేనివాళ్ళకి పని కల్పిస్తూ కట్టించిన హాలు, 1939లో పూర్తయింది. "ఉపాధి హామీ పని, కానీ పని కనిపిస్తోంది" అన్నారు నాన్న గోడ మీద చెయ్యి పెట్టి. తేనె రంగు సున్నపురాయి. గంట కిందటే హేస్ దగ్గర ఇదే జాతి రాయిని పొలాల కంచె గుంజలుగా పాతి ఉండటం చూశాం. చెట్లు లేని చోట కర్ర ఎక్కడిది? తాండూరు వైపు పొలాల చుట్టూ నాపరాళ్ళు నిలబెట్టినట్టే. నాన్న వేలు పెట్టి చూపిస్తే, ఒక రాయిలో చిన్న ఆల్చిప్ప అచ్చు కనిపించింది. ఒకప్పుడు ఇదంతా సముద్రం.

ఓట్లు వేసిన, పెళ్ళిళ్ళు జరిగిన ఆ హాలే ఇప్పుడు విజిటర్ సెంటర్. అక్కడి రేంజర్, అంటే పార్కు ఉద్యోగి, ఓపిగ్గా మాట్లాడారు. ఈ ట్రిప్పులో ఏ సేవకైనా పూర్తి మార్కులు వేయాలంటే ఆయనకే వేస్తాను. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకోండి. రోడ్డు పక్క చిన్న పార్కులో బల్లలున్నాయి. పెరుగన్నం అక్కడే తిన్నాం, ఊరగాయ ముక్క తప్ప అన్నీ గాలికి ఎగిరాయి.

నాన్నని పట్టుకున్న కథ రైలుది. 1880ల్లో ఊరికి బ్యాంకు, హోటలు, రెండు పత్రికలు వచ్చాయి. ఎడ్విన్ మెక్‌కేబ్ ఇక్కడ మొదలుపెట్టి, కౌంటీ క్లర్కై, 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. ఆ రాష్ట్రంలో అంతటి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి మనిషి. 1887లో మిస్సోరీ పసిఫిక్ రైలు మనూరికి రావాలి అని టౌన్‌షిప్ ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లకి ఓటేశారు. రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ సాలమన్ నదికి అవతల పట్టాలు వేసుకుపోయింది. కొట్లవాళ్ళు దుకాణాలు కట్టుకుని నది దాటారు, అక్కడ బోగ్ అనే ఊరు లేచింది. "బైపాస్ పడ్డాక మన సెంటర్లో హోటళ్ళు మూతపడ్డట్టు" అన్నారు నాన్న. కాసేపు ఆగి, "పంచాయతీ అప్పు చేసి రైలు తెచ్చుకుందామనుకుందా!" అని మళ్ళీ అన్నారు. ఆయన సర్వీసులో వీధి దీపాల బిల్లు కట్టడానికే నానా తంటాలు పడ్డారు మరి.

ఆ తర్వాతంతా దిగుడే. దుమ్ము తుఫాన్లు, వలసలు. 1953లో పోస్టాఫీసు మూసేశారు. కౌంటీదీ అదే బాట: 1910లో ఎనిమిది వేలు దాటిన జనం 2020లో 2,415. ఆ జనగణనలో నికోడెమస్ ఊరి లెక్క 14. పద్నాలుగు! మా అపార్ట్‌మెంట్‌లో మా ఫ్లోరే అంతకన్నా ఎక్కువ. ఇంత మంది లేనిచోట టౌన్‌షిప్ ఎందుకు, కౌంటీలో కలిపేయొచ్చుగా అని నేనంటే నాన్న ఒప్పుకోలేదు. "శ్మశానం గడ్డి ఎవరు కోస్తారమ్మా? పక్కూరోడు కోస్తాడా?" ఆ వాదన హేస్ దాకా సాగింది.

తిరుగు ప్రయాణంలో హేస్‌కి తూర్పున, ఐ-70కి దగ్గర్లోనే విక్టోరియాలో సెయింట్ ఫిడెలిస్ చర్చి చూశాం. రష్యాలోని వోల్గా నది ప్రాంతం నుంచి వచ్చిన జర్మన్లు 1911లో పూర్తి చేసిన 141 అడుగుల జంట శిఖరాలు, అదే సున్నపురాయి. ఫొటోలకి అదే గొప్ప, దారి మళ్ళే పని తక్కువ, పిల్లలు కూడా నోరు తెరిచారు. ఒక్కపూటే ఉంటే చాలామంది అదే చూస్తారు. నేనైతే చర్చికి అరగంట, నికోడెమస్‌కి మూడు గంటలు ఇస్తాను.

వెళ్ళేవాళ్ళు వీలైతే జులై చివరి వారాంతంలో వెళ్ళండి. బానిసత్వ విమోచన వేడుకకి దేశం నలుమూలల నుంచి ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు సొంతూరికి చేరతారు. మేం వెళ్ళిన రోజున మాతో కలిపి వీధిలో కనిపించింది ఏడుగురు. ఆ వేడుక సంగతి రేంజర్ చెప్పినప్పుడు నాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "నా టికెట్టు జులై పది కదా, డేటు మార్చడానికి ఎంతవుద్దో కనుక్కో" అన్నారు.