ఆఫ్-పిస్ట్ కోర్సుకు షామొనీయా, వాల్ డిజేరా?

చదును చేయని మంచులో స్కీయింగ్ (ఆఫ్-పిస్ట్) మొదటిసారి నేర్చుకునేవారికి, ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని ఈ రెండు స్కీ ఊళ్లలో వాల్ డిజేరే మేలు. పక్కనున్న స్కీ ఊరు తీన్యతో లిఫ్టులు కలిసే ఉంటాయి కాబట్టి బస్సు కోసం సమయం వృథా కాదు. ఒకే వాలు పదిసార్లు దిగి తప్పు దిద్దుకోవచ్చు. మబ్బు కమ్మి నేల కనబడకపోతే అక్కడి లె ఫోర్నే అనే చోట చెట్ల మధ్యకు వెళ్లండి.

షామొనీలో స్కీ ప్రాంతాలు లోయ పొడవునా విడివిడిగా ఉంటాయి, ప్రయాణానికే సమయం పోతుంది. కానీ 3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిడి శిఖరం నుంచి సుమారు 20 కి.మీ. సాగే వాలే బ్లాన్ష్ దిగుడు ఇంకెక్కడ దొరుకుతుంది! అది హిమానీనదం. పైన మంచు కప్పేసిన పగుళ్లలో పడితే తాడుతో లాగాలి, అందుకే నడుముకు హార్నెస్ (తాడు తగిలించే పట్టీ), వెంట గైడు ఉండాల్సిందే. రెండో కోర్సు ఇక్కడ చేయండి.

ఏ ఊరైనా ట్రాన్సీవర్ (మంచు కింద చిక్కినవారి జాడ తెలిపే రేడియో పరికరం) ఒంటికి, పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) సంచిలో ఉండాలి. 30 డిగ్రీలు దాటిన వాలు మీదే మంచుచరియలు ఎక్కువ.