ఆక్టోపస్ రెగ్యులేటర్: కృష్ణ బురద నీళ్లలో ఎంతవరకు పనికొస్తుంది?

సిలిండర్ గాలిని డైవర్ నోటికి అందించేది రెగ్యులేటర్. దానికి బ్యాకప్‌గా, గాలి అయిపోయిన జతగాడి కోసం తగిలించే రెండో నోటి ముక్కే ఆక్టోపస్. ఇలాంటి బ్యాకప్‌లు మూడు రకాలు చాలాకాలం వాడి చూశాక రాస్తున్నది ఇది: పసుపు హోస్‌తో వచ్చే మామూలు ఆక్టోపస్, తేలడానికి వేసుకునే జాకెట్‌లో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌లోనే కలిసి ఉండే రకం, విడిగా తీసుకెళ్లే 3 లీటర్ల చిన్న బ్యాకప్ సిలిండర్ (పోనీ). బ్రాండ్ల జోలికి పోవడం లేదు, ఈ తరగతిలో లోపలి అమరిక దాదాపు ఒకటే. రుషికొండ దగ్గరో అండమాన్‌లోనో సరదాగా దిగేవాళ్లకి ఇందులో కొంత అనవసరం. ప్రకాశం బ్యారేజీ ఎగువన, చెయ్యి చాపితే వేళ్లు కనపడని నీళ్లలో పని ఉన్నవాళ్లకి మాత్రం కావలసిందే.

పసుపు రంగు వేసేది జతగాడికి దూరం నుంచే కనపడాలని. వరద నీటిలో ఆ రంగు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గాలి అందనివాడు తడుముకుంటూ వచ్చి మీ నోట్లో ఉన్నదే లాక్కుంటాడు. కాబట్టి నోట్లోది అతనికి వదిలేసి, సాగే తాడుతో మెడకి వేలాడే రెండోది మీరు అందుకోవడమే ఇక్కడ సరైన పద్ధతి. అందుకు మెయిన్ హోస్ మామూలుగా వచ్చే 70–75 సెంటీమీటర్లది చాలదు. 100 సెంటీమీటర్ల హోస్, మౌత్‌పీస్ దగ్గర తిరిగే మోచేయి జాయింటు పెట్టించుకోవాలి. గుహల్లో వాడే 2 మీటర్ల హోస్ తెచ్చుకోవద్దు, ఏట్లో తెగిపడ్డ వలలు దానికోసమే కాచుకుని ఉంటాయి.

ఇన్‌ఫ్లేటర్‌లో కలిసిన రకానికి ఒక హోస్ తగ్గుతుంది, అంతవరకే లాభం. పైకి వచ్చేటప్పుడు జాకెట్‌లో గాలి వదలాలంటే ఇన్‌ఫ్లేటర్ పైకెత్తాలి, అదే మీ నోట్లో ఉంటుంది. గాలి వదిలే వెనక డంప్ వాల్వు తాడు లాగడం చేతికి అలవాటు కాకపోతే కొనకండి.

బురద నీళ్లలో ఆక్టోపస్‌కి ఇబ్బంది వచ్చేది ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర, అంటే వదిలిన గాలి బయటికి పోయే చోట. పల్చటి ఆ సిలికాన్ బిళ్ల అంచు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, పీల్చినప్పుడల్లా గాలితోపాటు నీళ్లొస్తాయి. మౌత్‌పీస్‌ని మూసే రబ్బరు బిరడా ఉన్న హోల్డర్ వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. బిరడా ఒక్క గుంజుకి ఊడి రావాలి. ఇచ్చేటప్పుడు లోపలి నీళ్లు బయటికి తోసే పర్జ్ బటన్ ఒకసారి నొక్కి ఇవ్వండి. తలకిందులుగా ఇస్తే ఎగ్జాస్ట్ పైకి తిరిగి నీళ్లు మింగాల్సి వస్తుంది.

గాలి ఎంత తేలిగ్గా రావాలో మార్చే వెంచురీ మీట, ఆక్టోపస్ నోట్లో లేనంతసేపు మైనస్ వైపే ఉండాలి. ప్రవాహానికి ఎదురు తిరిగితే నీటి తోపుడు డయాఫ్రమ్‌ని (పర్జ్ బటన్ వెనకున్న పల్చటి పొర) నొక్కి గాలి దానంతటదే పోతుంది. అప్పుడు మౌత్‌పీస్‌ని కిందికి తిప్పితే ఆగుతుంది.

దిగేముందు రెండు పరీక్షలు. సిలిండర్‌కి తగిలించకముందు డస్ట్ క్యాప్ పెట్టి పీల్చండి. గాలి రాకూడదు, వస్తే డయాఫ్రమ్‌లోనో ఎగ్జాస్ట్‌లోనో కారుతున్నట్టే. తగిలించాక సిలిండర్ పీడనం చూపే మీటరు చూస్తూ రెండింటి నుంచీ నాలుగైదు సార్లు పీల్చండి. ముల్లు ఊగితే వాల్వు పూర్తిగా తెరవలేదు. ఇంకోటి: గాలి తెరిచిన కాసేపటికి ఆక్టోపస్ మెల్లగా బుసకొడితే తప్పు చాలాసార్లు దానిది కాదు. సిలిండర్‌కి తగిలే భాగం (ఫస్ట్ స్టేజ్) లోపలి వాల్వు సీటు అరిగి, హోస్‌లో 9–10 బార్ దగ్గర నిలవాల్సిన మధ్య పీడనం పైకి పాకుతోంది. ఆక్టోపస్ బిగిస్తే శబ్దం ఆగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

అసలు లెక్క సిలిండర్‌లో ఉంది. ఆక్టోపస్ అదనపు గాలి కాదు, ఉన్న గాలికే రెండో నోరు. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 50 బార్ అంటే 555 లీటర్లు. కంగారులో మనిషికి నిమిషానికి 30 లీటర్లు వేసుకోండి. లోతుకి పీడనం పెరిగి అంతకంత గాలి పడుతుంది: 18 మీటర్ల దగ్గర 2.8 రెట్లు, 5 మీటర్ల దగ్గర 1.5 రెట్లు. సముద్రంలో 18 మీటర్ల దగ్గర ఇద్దరికి ఒక నిమిషానికి 168, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి 228, భద్రత కోసం 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడానికి 270. మొత్తం 666 లీటర్లు, అంటే 60 బార్. సిలిండర్‌లో మిగుల్చుకోమని అందరూ చెప్పే 50 బార్ ఇద్దరికి చాలదు. ఏట్లో అంత లోతుండదు, పైకి రావడం కష్టం కాదు. వలలో ఇరుక్కోవడమే కష్టం. 5 మీటర్ల దగ్గర ఇద్దరు పీలిస్తే నిమిషానికి 90 లీటర్లు, 50 బార్ ఆరు నిమిషాలే. కత్తి రెండు చేతులకీ అందేచోట కట్టుకోండి. బ్యారేజీ గేట్ల దగ్గర లాగుడు ఉన్నచోట ఏ బ్యాకప్పూ ఆదుకోదు, గేట్లు మూసి ఉన్నాయని ఖాయం చేసుకోకుండా దిగకూడదు.

ఒంటరిగా పనిచేసేవాళ్లకి పోనీ ఒక్కటే సమాధానం. 200 బార్ మీద 600 లీటర్లు, పై సముద్రపు లెక్కలో ఒక మనిషికి పట్టేది 333. జేబులో పట్టే 85 లీటర్ల బుల్లి సీసా 18 మీటర్ల దగ్గర ఒక్క నిమిషమే.

బెజవాడ ఎండల్లో కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరు తొందరగా బిరుసెక్కుతుంది. హోస్ మొదట్లో ఉండే తొడుగు వెనక్కి జరిపి పగుళ్లు చూడండి, అవి దాక్కునేది అక్కడే. కడిగేటప్పుడు పీడనం లేకుండా పర్జ్ నొక్కొద్దు, బురద నీళ్లు హోస్‌లోకి పోతాయి. సిలిండర్ యోక్ వాల్వు (రెగ్యులేటర్ బిగించే చోటు) ముఖానికి 014 సైజు ఓ-రింగు ఆటోనగర్‌లో దొరుకుతుంది గానీ 90 డ్యూరోమీటర్ కాఠిన్యం అని నొక్కి అడగాలి. 70ది పీడనానికి బయటికి పొంగుతుంది.

గట్టు మీద మెడికల్ ఆక్సిజన్ ఉండాల్సిందే. 1500 లీటర్ల సిలిండర్ నిమిషానికి 15 లీటర్ల చొప్పున 100 నిమిషాలు వస్తుంది. మాస్కు, రెగ్యులేటరు, స్పానరు సిలిండర్‌కే కట్టి ఉంచండి.