లియాంగ్‌జూనా, దామింగ్ ప్యాలెస్సా: ఏ శిథిల నగరం పార్కు మేలు?

చైనా వెళ్లే మనవాళ్లు తరచూ అడుగుతున్నారు. షియాన్‌లో టెర్రకోట సైన్యం చూశాక మిగిలిన పూట దామింగ్ ప్యాలెస్ పార్కుకి పెట్టాలా, లేక షాంఘై వెళ్లినప్పుడు హాంగ్‌జౌ పక్కనున్న లియాంగ్‌జూకి ఒక రోజు కేటాయించాలా అని. దామింగ్ 2014లో, లియాంగ్‌జూ 2019లో యునెస్కో జాబితాకెక్కాయి.

హంపి చూసిన కళ్లతో వెళ్తే మాత్రం రెండు చోట్లా నిరాశే. పాత చైనా నగరాలు చాలావరకు దిమ్మిస కొట్టిన మట్టితో, కలపతో కట్టినవి. కలప కాలిపోయింది, మట్టి నేలలో కలిసిపోయింది. అందుకే నేను ఒక్కటే చూస్తాను: ఆ ఖాళీ నేల మీద నిలబడితే ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో మనకు తెలుస్తుందా?

దామింగ్ నిజానికి నగరం కాదు, తాంగ్ వంశపు రాజధాని చాంగాన్‌కి (ఇప్పటి షియాన్) ఉత్తరాన ఉన్న రాజప్రాసాదం. కట్టడం 634లో మొదలైంది. మన ధాన్యకటకం చూసి వెళ్లిన హ్యూయన్‌త్సాంగ్ 645లో తిరిగి చేరింది ఈ చాంగాన్‌కే. ఆ సంగతి తలుచుకుంటూ నడిస్తే మనసు పొంగుతుంది. 2010లో తెరిచిన ఈ పార్కు మూడు చదరపు కిలోమీటర్లకు పైనే. దక్షిణాన దాన్‌ఫెంగ్ ద్వారం పైకి కొత్త కట్టడమే గానీ, లోపల అసలు పునాదులను అలాగే ఉంచి చూపిస్తారు. అది తప్పక చూడాలి. పార్కు కోసం సుమారు లక్ష మందిని వేరేచోటికి తరలించారు. వాళ్లలో చాలా కుటుంబాలు 1938 హ్వాంగ్‌హో నది వరదకి హెనాన్ నుంచి పారిపోయి వచ్చినవి. అక్కడ తిరిగేటప్పుడు వాళ్లనూ గుర్తుచేసుకోవాలి. ఇక్కడ స్థలం విశాలమే, కానీ చుట్టూ అపార్టుమెంట్లు. పాత ఊరి రూపు ఊహకు అందదు.

లియాంగ్‌జూలో అందుతుంది. అయిదు వేల ఏళ్ల కిందటి ఊరు. మధ్యలో మోజియావోషాన్ అనే దిబ్బ, సుమారు 30 హెక్టార్లు, మనుషులు మట్టి మోసి పోసింది. దాని మీదికెక్కితే కాలువలు, వరి మడులు, దూరంగా కొండలు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఇది నీళ్ల మీద బతికిన ఊరు. కోటకి ఎనిమిది నీటి ద్వారాలుంటే, నేల మీద నడిచి వచ్చే ద్వారం ఒక్కటే. గోడ అడుగున రాళ్లు పరిచి, పైన మట్టి పోశారు. ఓరుగల్లు మట్టికోట తెలిసినవాళ్లకి ఆ వెడల్పు చూస్తే ఆసక్తి ఇంకా పెరుగుతుంది, కొన్నిచోట్ల 60 మీటర్లకు పైనే ఉంది. ఇనుము లేదు, గుర్రం లేదు. చిత్తడి మట్టిని గడ్డిలో చుట్టి కట్టలుగా పేర్చారు, వరదలప్పుడు గట్టు తెగకుండా మనం ఇసుక బస్తాలు పేర్చినట్టు. ఎగువన కొండల దగ్గర ఆనకట్టలూ అలాగే కట్టారు. లావోహులింగ్ ఆనకట్టను కోసి చూపించిన చోట ఆ కట్టల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. దిబ్బ పక్కన బొగ్గైన ధాన్యం దొరికింది, సుమారు 2 లక్షల కిలోలు ఉంటుందని లెక్కగట్టారు. వరి పండించే ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు ఆ అంకె దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేరు.

ఇక్కడా లోటు ఉంది. ఊరి పెద్దలను పూడ్చిన ఫాన్‌షాన్ సమాధుల దగ్గర చూసేవి నకళ్లే. అసలు గోతుల్ని మళ్లీ పూడ్చేశారు. అక్కడ దొరికిన ఆరున్నర కిలోల ప్రసిద్ధ జేడ్ 'చోంగ్' (విలువైన రాతితో చెక్కిన, క్రతువులకు వాడిన గొట్టం లాంటి వస్తువు) హాంగ్‌జౌలోని రాష్ట్ర మ్యూజియంలో ఉంది.

లువోయాంగ్‌లోని సుయ్-తాంగ్ వంశాల నాటి నగరం పార్కులో ఎక్కువగా కొత్త కట్టడాలే, ఫొటోలకు బాగుంటుంది. అన్యాంగ్‌లోని యిన్ శిథిలాలు (షాంగ్ రాజుల చివరి రాజధాని, ఎముకల మీద చెక్కిన రాతలు దొరికిన చోటు) లిపి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకి.

షియాన్‌లో ఒక్క పూటే ఉంటే దామింగ్ చాలు, రైల్వే స్టేషన్ పక్కనే. రోజంతా ఉంటే మాత్రం నా ఓటు లియాంగ్‌జూకే. షాంఘై నుంచి హాంగ్‌జౌకి హైస్పీడ్ రైల్లో గంట ప్రయాణం. లియాంగ్‌జూ మ్యూజియం పార్కుకి కొన్ని కిలోమీటర్ల దూరంలో విడిగా ఉంది. ముందు అది చూసి, తర్వాతే పార్కుకి వెళ్లండి. ఆనకట్ట కూడా పార్కు బయటే కాబట్టి దానికి వేరుగా టైమ్ ఉంచుకోండి.